పదకొండో మంచం చక్రం

నమోదు 1. తూర్పు గాలి, మంచి ఎండ.

నా పేరు మైలపల్లి నూకరత్నం. సముద్రం మీద తేలే ఈ తెప్ప ఆసుపత్రిలో సమాచార నర్సుగా చేరాను. ఆ మాట మా అమ్మకు నోరు తిరగదు. "మా గుంట మేస్త్రికి సదువు సెప్తాది" అని నాచు తాళ్ళ దగ్గర పనిచేసే వాళ్ళందరికీ చెప్పుకుంటోంది. నా ఉద్యోగం గురించి అంతకన్నా బాగా నేనూ చెప్పలేను. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే కాబట్టి అమ్మ ఏం చెప్పినా వీధిలో ఎవరూ కాదనరు.

ఈ పుస్తకం చేత్తో రాయమని కొండమీది పెద్దాసుపత్రి వాళ్ళ ఉత్తర్వు. అంకెలు రాయనక్కర్లేదు, అవన్నీ మేస్త్రి దగ్గర ఉంటాయి. మేస్త్రి లెక్కలోకి రానిది ఏదైనా నా కంటపడితే అది రాయాలి. ఏడాది తిరిగాక ఒక మనిషి కూర్చుని చదువుతారట. ఆ మనిషి ఎవరో గాని, నమస్కారం. మీకు అర్థమయ్యేట్టు రాయడానికి ప్రయత్నిస్తాను.

మేస్త్రి అంటే వార్డును చూసుకునే యంత్రం. దానికి అసలు పేరు వేరే ఉంది, చాలా పొడుగు. పొద్దున్నే అందరినీ నువ్వటు, నువ్విటు అని సర్దుతుంది కనక రోగులు ఈ పేరు పెట్టారు. ఊపిరీ నాడీ వేడీ చూసుకున్నాక, "మంచాలు కదలబోతున్నాయి, దయచేసి చేతులు లోపల ఉంచుకోండి" అంటుంది. అప్పుడు నేను వార్డంతా తిరిగి కాళ్ళు సర్ది, నీళ్ళ సీసాలు మంచాల మీద పెట్టి, వేలాడే దుప్పట్లు పైకి దోపుతాను. మంచాలు వాటంతటవే దొర్లుతాయి. జబ్బు ఎక్కువున్నవి నర్సు బల్ల దగ్గరికి, తగ్గుతున్నవి సముద్రం వైపు కిటికీల దగ్గరికి. రేవులో పడవలు చోటు మారినట్టు ఉంటుంది. కిటికీ దక్కినవాళ్ళు అల్లుళ్ళలా కాళ్ళు చాపుకుంటారు.

ఒక విషయం మాత్రం వింతగా ఉంది. స్టోరు గది నిండా మంచం చక్రాల పెట్టెలు. కొండమీది నుంచి ఆకాశంలో గాలిపడవ వచ్చినప్పుడల్లా మందులతో పాటు ఇంకో పెట్టె దిగుతుంది. ఎవరు అడిగారని వంటాయన అప్పన్నను అడిగాను. ఆయన అలాంటి పెట్టె మీదే కూర్చుని నెత్తళ్ళ చేపలు తోముతున్నాడు.

"ఎవులడిగినారో నాకేటి తెల్సు పాపా. ఇంకో రెండు దిగితే ఊరికి రైలు కట్టీవచ్చు."

నమోదు 2. అదే గాలి.

చక్రాల సంగతి తేల్చాను.

మా హెడ్ నర్సు సలోమి సిస్టర్ కూతురి పురిటికని సెలవు మీద వెళ్ళారు. ఆవిడకు బదులుగా కొండమీది నుంచి వచ్చిన నర్సు చాలా మంచి మనిషి, కానీ ఇక్కడి సంగతులు తెలియవు. అందుకని మేస్త్రి దగ్గర ఉన్న పాత గుర్తులన్నీ నేనే చూస్తున్నాను. వార్డులో సగం మంచాలకు "చక్రం మరమ్మతు" అని గుర్తుంది. బ్రేకు బిగించి ఉంది. బ్రేకు బిగిస్తే మేస్త్రి ఆ మంచాన్ని కదపదు. కారణం ఏమిటని మాత్రం అడుగుతుంది. దాని దగ్గర ఉన్న కారణాల్లో ఒకటి మనం చెప్పాలి.

ముందు పదకొండో మంచం కిందికి దూరాను. ఆ మంచం మీద అసిరమ్మ అప్ప ఉంటుంది. నాచు కోసే మనిషి, గట్టి శరీరం, ఊపిరితిత్తుల జ్వరం వచ్చి ఇలా అయింది. పక్కన పదో మంచం మీద పైడితల్లి. సముద్రపు గోడ పనిలో కాలు విరిగింది. ఆమెకు విరగనిది నోరొక్కటే.

"ఏటప్పా, నీ మంచం కింద ఎవులో దూరినారు."

"దూరనీ. నీ నోటికి భయపడి దూరుంతారు."

అసిరమ్మ అప్ప గోళీల బుర్ర ఊదుతోంది. గాజు గొట్టంలో మూడు గోళీలు ఉంటాయి. ఊపిరి బలం పెరిగేకొద్దీ ఒక్కొక్కటీ లేస్తుంది. ఆమెకు ఒకటే లేచింది.

"మా పిల్లి తుమ్మితే మూడూ లేస్తాయి" అంది పైడితల్లి.

"అయితే మీ పిల్లినే తీసుకొచ్చి ఈ మంచం మీద తొంగోబెట్టు. నానింటికెల్పోతాను."

కోపంతో ఇంకోసారి ఊదింది. రెండు లేచాయి. మంచం కింద నుంచే నాకు నవ్వొచ్చింది.

చక్రాల్లో ఏ లోపమూ లేదు. తుప్పు లేదు, గిరకలు మెత్తగా తిరుగుతున్నాయి. మిగతా మంచాలూ చూశాను. అన్నీ బాగున్నాయి. బ్రేకులన్నీ తీసి, గుర్తులన్నీ కొట్టేసి, ప్రతిదానికీ "చక్రం బాగుంది" అని నమోదు చేశాను. "ధన్యవాదాలు నూకరత్నం గారూ, వివరాలు ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి" అంది మేస్త్రి. చదువుకున్న చదువుకు మొదటిసారి పని చెప్పినట్టు అనిపించింది. ఆ పూట అమ్మకు ఫోను చేసి మరీ చెప్పాను.

నమోదు 3. మబ్బు.

పొద్దున్న మంచాలు కదిలాయి. చాలాకాలంగా కదలని మంచాలు కదిలేసరికి వార్డులో సందడి అయింది. అసిరమ్మ అప్ప ఊపిరి అంకె ఇంకా తక్కువే కనక పదకొండో మంచం నర్సు బల్ల పక్కకు వచ్చింది. పైడితల్లి మంచం కిటికీ దగ్గరికి పోయింది.

"ఎల్తన్నానే పైడితల్లీ. మంచం ఎల్పోతంది."

"ఎల్లప్పా. సేరగానే ఉత్తరం రాయి."

నర్సు బల్లకూ కిటికీకీ మధ్య ఉన్నది ఒక్క వార్డే. అయినా అసిరమ్మ అప్ప మంచం అంచు పట్టుకుని వెనక్కే చూస్తూ వెళ్ళింది.

ఇప్పుడు ఆమెకు ఒకవైపు గోడ, ఇంకోవైపు పన్నెండో మంచం. పన్నెండులో ఎర్రమ్మ అనే పెద్దావిడ. పడవ తిరగబడి నీళ్ళు మింగింది, ఇంకా పూర్తిగా తెలివి రాలేదు. ముక్కులో గొట్టం పెట్టి పాలు పోస్తున్నాం. ఇద్దరూ జబ్బు ఎక్కువున్నవాళ్ళు, ఇద్దరూ బల్ల పక్కన. మేస్త్రి సర్దినది నేను చదువుకున్న పుస్తకంలో చెప్పినట్టే ఉంది.

నమోదు 5. చినుకులు.

అసిరమ్మ అప్ప సరిగా తినడం లేదు.

ఇక్కడ గిన్నెల అడుగున తూకం ఉంటుంది. ఎవరు ఎంత తిన్నారో మేస్త్రికి తెలుస్తుంది. పదకొండో మంచం గిన్నె ఎలా వెళ్ళిందో అలాగే తిరిగి వస్తోంది. నిన్న చోడి (రాగి) అంబలి, ఇవాళ గంజీ చేపపులుసూ. అప్పన్న స్వయంగా వచ్చి అడిగాడు.

"పులుసులో ఉప్పు సాల్నేదా?"

"ఉప్పుకేటయింది బావూ. బాగుంతాది నీ పులుసు."

"మరి తిన్నేదేటి?"

"ఆకలి నేదు."

గోళీల బుర్ర ఒక పక్కన పడేసి ఉంది. ఊదమంటే ఊదుతుంది, ఒక గోళీ సగం లేచి పడిపోతుంది. తినకపోతే బలం లేదు, బలం లేకపోతే ఊపిరి లేదు. ఊపిరి అంకె ఇంకా పడింది కనక మేస్త్రి ఆమెను బల్ల పక్కనే ఉంచింది. ఆకలి పుట్టే మందు ఇచ్చాం. గిన్నె మార్చాం. ఉపవాసమా అని అడిగాను. కాదంది. ఇంటి మీద బెంగా అంటే, "ఇంటికాడ ఉన్నది మేకే. దానికి నా మీద బెంగ ఉంతాది గానీ నాకు నేదు" అంది.

మాటకు తక్కువ లేదు. ముద్ద మాత్రం దిగడం లేదు.

నమోదు 6. వాన.

మేస్త్రి సిఫారసు వచ్చింది. పదకొండో మంచం రోగికి ముక్కు గొట్టం, గాలిపడవలో కొండమీది ఆసుపత్రికి తరలింపు. గాలిపడవ ఎల్లుండి పొద్దున వస్తుంది. దానిలో వచ్చే డాక్టరు సంతకం పెడితే మంచం దానంతటదే రేవు దాకా దొర్లుకుంటూ పోతుంది.

చెప్పవలసింది నేనే. చెప్పాను.

"కొండమీద సముద్రం ఇనపడతాదా?"

"ఇనపడదప్పా. చాలా దూరం."

"మా మేనత్తను అలాగే తీసుకెల్పోయినారు. గొట్టమెట్టి. మల్లీ దిగనేదు." దుప్పటి కొస వేలికి చుట్టుకుంటోంది. "నన్నంపకు పాపా. నువ్వు సెప్తే మేస్త్రి ఇంతాదంటన్నారు కదా."

వింటుంది. నేను చెప్పే మాట దాని దగ్గరున్న కారణాల్లో ఒకటై ఉంటే వింటుంది. ఆమె తినకపోవడానికి కారణమే నాకు తెలియనప్పుడు నేనేం చెప్పను?

నమోదు 7. వాన వెలిసింది.

ఇది జాగ్రత్తగా రాస్తున్నాను. ఈ పుస్తకం ఇందుకోసమే ఇచ్చారనుకుంటాను.

బల్ల మీద కొత్త మందుల పెట్టెలు పరిచి ఉన్నందున మధ్యాహ్నం భోజనానికి చోటు లేకపోయింది. చక్రాల పెట్టె ఒకటి లాక్కుని పదకొండో మంచం పక్కన కూర్చున్నాను. అమ్మ పంపిన క్యారియరు తెరిచాను. అన్నం, నెత్తళ్ళ వేపుడు. అసిరమ్మ అప్ప గిన్నె ఎప్పటిలాగే మూతతో ఉంది.

"తిను పాపా" అంది.

నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అంతే, ఆమె చెయ్యి చాచి తన గిన్నె మూత తీసింది. మాట్లాడకుండా కలుపుకుని తినడం మొదలుపెట్టింది. నేను కదిలితే ఆగిపోతుందేమోనని కదలకుండా తిన్నాను. నా క్యారియరు రెండో గిన్నెకు వచ్చేసరికి ఆమె గిన్నె అడుగు కనిపించింది.

"ఆకలి నేదన్నావు కదప్పా?"

ఆమె ఎర్రమ్మగారి వైపు చూసింది. గొట్టం, మూసుకున్న నోరు.

"ఆయమ్మ నోట్లో మెతుకు నేదు. పక్కనెట్టుకుని నానెలా తింతాను?"

మా తీరంలో ఇది ఎవరికీ నేర్పనక్కర్లేదు. పెద్ద ఉప్పెన తర్వాత ఊళ్ళన్నీ శిబిరాల్లో మంచం పక్కన మంచంగా బతికాయి. అప్పుడు వచ్చిన మర్యాద ఇది. పక్క మంచం వాళ్ళు ముద్ద ఎత్తితేనే మనం ఎత్తాలి. మా అమ్మ ఇప్పటికీ పక్కింటి వాళ్ళను "తినీసినారా" అని కేకేసి గాని కంచం ముందు కూర్చోదు. ఎందుకు తినలేదని అడిగితే మాత్రం ఎవరూ నిజం చెప్పరు. చెబితే పక్కవాళ్ళను తప్పుపట్టినట్టు అవుతుంది. ఆకలి లేదంటారు.

ఇదంతా నాకు తెలుసు. కానీ ఆమె గిన్నె తూకమూ, ఊపిరి అంకే చూస్తూ కూర్చున్నాను గాని, పక్క మంచం వైపు నేనూ చూడలేదు. మేస్త్రి అయితే చూడనే చూడదు. జబ్బు ఎక్కువున్నవాళ్ళను ఒకచోట చేరుస్తుంది. వాళ్ళలో నోటితో తినేవాళ్ళు తక్కువ. తినగలిగినవాళ్ళు వాళ్ళ పక్కన చేరి తినడం మానేస్తారు. మానేస్తే అంకె పడుతుంది. అంకె పడితే అక్కడే ఉంచుతుంది.

ఇంకో మాట. నేను ఆమె పక్కన కూర్చుని తిన్న సమయాన్ని మేస్త్రి "నర్సు విశ్రాంతి" అని రాసుకుంది.

నమోదు 8. అదే రోజు, సాయంత్రం.

సలోమి సిస్టర్ సెలవు నుంచి వచ్చారు. మనవరాలు పుట్టిందట. మిఠాయి పెట్టె ఇంకా చేతిలో ఉండగానే వార్డును ఒకసారి కలయజూశారు.

"పదకొండు ఇక్కడికెందుకొచ్చింది? చక్రం బ్రేకు తీసిందెవరు?"

"నేనే సిస్టర్. చక్రం బాగానే ఉంది."

"చక్రం బాగానే ఉందని నాకు తెలీదా?"

మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టి, తెర మీద తరలింపు సిఫారసు చదివి కూర్చున్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"చూడు రత్నం. నేను విశాఖ దాన్ని. ఇక్కడికొచ్చిన కొత్తలో నాకూ అర్థం కాలేదు. పక్కపక్కన ఉన్నవాళ్ళను విడదీస్తే తిండి మానేస్తున్నారని చూశాను. మేస్త్రితో చెబ్దామంటే దాని కారణాల్లో ఆ ముక్క లేదు. నీళ్ళు కారుతున్నాయి అని ఉంది, కరెంటు లేదు అని ఉంది, చక్రం మరమ్మతు అని ఉంది. అందులో ఎవరికీ హాని లేనిది చక్రం. అది నొక్కాను. పనైపోయింది."

"అది అబద్ధం కదా సిస్టర్."

"అబద్ధమే. దానితో నలుగురు అన్నం తిన్నారు. నీ నిజంతో ఒకావిడ కొండెక్కబోతోంది."

అదీ నిజమే. ఆవిడే ఒక మిఠాయి తీసి నా చేతిలో పెట్టారు.

"రేపే కదా గాలిపడవ. పొద్దున్న చక్రం అని నొక్కేద్దాం. మంచం కదలదు."

"రేపు కదలదు. తినలేదన్న మాట ఆమె లెక్కలో అలాగే ఉంటుంది సిస్టర్. వచ్చే గాలిపడవకు తీసుకెళ్తారు. మీరు మళ్ళీ సెలవు పెడితే నాలాంటిది ఇంకొకతె వచ్చి చక్రం బాగుందంటుంది."

"నీలాంటిది ఇంకొకతె రాదులే" అన్నారు సిస్టర్. పొగడ్తో కాదో తెలియలేదు. "సరే. ఏం చేస్తావు?"

మేస్త్రికి కొత్త కారణం నేర్పమని అడుగుతానన్నాను.

కొండమీద మేస్త్రి బాగోగులు చూసేది తేజోమూర్తిగారు. గోడ తెర మీదికి వచ్చారు. వెనకాల పిల్లలు పాఠం చదువుతున్న చప్పుడు వినిపిస్తోంది. పిలిచింది ఇంటికని తెలిసి నాకు మొహమాటమేసింది. ఆయన మాత్రం ఓపిగ్గా విన్నారు.

"మర్యాదను ఎలా కొలుస్తామమ్మా? కొలవలేనిది మేస్త్రికి ఎక్కించలేను."

"కొలుస్తూనే ఉందండీ. ఈ మంచం గిన్నె ఎంత తగ్గిందో దానికి తెలుసు. పక్క మంచం గిన్నె ఎంత తగ్గిందో కూడా తెలుసు. రెంటినీ కలిపి ఎప్పుడూ చూడలేదు, అంతే."

"చూడకూడదనే నియమం. ఒక రోగి వివరం ఇంకో రోగి లెక్కలోకి రాకూడదు. అది మంచి నియమమే."

"మంచిదేనండీ. జబ్బు పేరు వద్దు, మందు వద్దు. పక్కవాళ్ళు నోటితో తింటున్నారా లేదా అన్నది ఒక్కటే. అది వార్డులో కళ్ళున్న వాళ్ళందరికీ కనిపిస్తుంది. అయినా ఇద్దరినీ అడిగి, ఒప్పుకుంటేనే కలుపుదాం."

ఆయన గడ్డం గీరుకున్నారు. ఇది మీ ఒక్క వార్డు సంగతా, మిగతా తెప్పల్లోనూ ఉందా అని అడిగారు. నేను మిగతా తెప్పల సమాచార నర్సులను తెర మీదికి పిలిచాను. సంగతి చెప్పగానే పెద్దగా నవ్వులు.

"అదీ ఒక సంగతేటి? మేం ఎప్పుడో సెక్రం నొక్కీసినాం" అంది ఒకామె.

"మేమూ సెక్రమే."

"మేం మొదట్లో నీళ్ళు కారతన్నాయని నొక్కినాం. పాపం పైపులోళ్ళు వచ్చీసినారు. అప్పట్నుంచి మేమూ సెక్రానికే మారిపోయినాం."

తేజోమూర్తిగారు తెరకు దగ్గరగా జరిగారు.

"అంటే ఆ చక్రాలు..."

"అన్నీ బాగున్నాయండీ" అన్నాను.

"ఉప్పుగాలికి పాడవుతున్నాయని మూడుసార్లు నమూనా మార్చాం. ఇత్తడి పెట్టాం. తర్వాత పింగాణీ పెట్టాం." వెనక్కి వాలి కళ్ళద్దాలు తీశారు. కోప్పడతారనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకు లోపలి గదిలో పాఠం ఆగిపోయింది.

చివరికి ఆయన చెప్పింది ఇది. అన్ని తెప్పలకూ పెట్టాలంటే సభ కూర్చోవాలి. ఒక్క వార్డులో పరీక్షగా పెట్టడానికి ఆయన సంతకం చాలు. ఈ సాయంత్రమే పెడతారు. కానీ తరలింపు ఆపడం ఆయన చేతిలో లేదు. అది డాక్టరు చూసి నిర్ణయించాల్సిందే. పొద్దున్న డాక్టరు వచ్చేసరికి ఆమె తిని, ఊపిరి ఊది చూపించాలి.

"కొత్త కారణానికి పేరేం పెట్టమంటారు?"

సలోమి సిస్టర్ నా వెనక నిలబడి ఉన్నారు. "పక్కమంచం అని పెట్టండి. ఇక్కడ అందరూ అనేది అదే" అన్నారు.

అసిరమ్మ అప్పనీ పైడితల్లినీ అడిగి ఒప్పించడం నా పని. పైడితల్లి, "నాను తిన్నానో నేదో మేస్త్రి మైకులో సెప్పుకున్నా నాకేటి సిగ్గు" అంది. అసిరమ్మ అప్ప మాత్రం, "దాని పక్కకా? మల్లీ దాని పిల్లి కతలు ఇనాలా?" అని ముఖం తిప్పుకుంది. తిప్పుకున్నాక నవ్వుకోవడం నేను చూశాను.

నమోదు 9. తెల్లని ఎండ, గాలి లేదు.

సముద్రం పళ్ళెంలా ఉంది. గాలిపడవకు అనువైన రోజు. కొండల వైపు నుంచి చిన్న చుక్కలా కనిపిస్తుండగా మంచాల వేళ అయింది.

సలోమి సిస్టర్ పదకొండో మంచం దగ్గర నిలబడి బ్రేకు మీద కాలు పెట్టి ఉంచారు.

"నీ కొత్త కారణం పనిచెయ్యకపోతే నా పాత కారణం ఉంది" అన్నారు.

"మంచాలు కదలబోతున్నాయి, దయచేసి చేతులు లోపల ఉంచుకోండి."

ముందు ఏమీ కదలలేదు. తర్వాత మేస్త్రి మళ్ళీ మాట్లాడింది. "పదో మంచం నర్సు బల్ల వైపు వస్తోంది. కారణం, పక్కమంచం."

అసిరమ్మ అప్పను బల్లకు దూరం చెయ్యలేదు. ఊపిరి ఇబ్బంది ఉన్న మనిషి నర్సుకు దగ్గరగానే ఉండాలి. కిటికీ దగ్గర హాయిగా ఉన్న పైడితల్లినే తీసుకొచ్చింది. ఎర్రమ్మగారి మంచం కొద్దిగా అటు జరిగింది, పైడితల్లి మంచం మధ్యలోకి దూరింది. దారి పొడుగునా ఆమె రెండు వైపులా చేతులూపుతూ వచ్చింది. మేస్త్రి రెండుసార్లు చేతులు లోపల పెట్టుకోమని చెప్పింది.

"కిటికీ వదిలీసి వచ్చినాను నీ గురించి. గేపకం ఎట్టుకో."

"రమ్మన్నానేటి?"

"గంజి తాగినావా?"

"నువ్వు తాగినావా?"

అప్పన్న రెండు గిన్నెలు తెచ్చి ఒకేసారి ఇద్దరి ముందూ పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పైడితల్లి పెద్ద చప్పుడు చేస్తూ ఒక గుక్క తాగింది. అసిరమ్మ అప్ప గిన్నె ఎత్తింది.

డాక్టరు వచ్చేసరికి ఆమె రెండోసారి అడిగి వడ్డించుకుంటోంది. ఆయన యువకుడే. తరలింపు కాగితం చూశారు, గిన్నె చూశారు, నన్ను చూశారు. నేను సంగతి చెప్పాను. తడబడకుండా చెప్పగలిగాను. ఆయన ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

"ఊదండి."

ఒక గోళీ లేచింది.

"మా పిల్లి..." అని మొదలెట్టింది పైడితల్లి.

రెండో గోళీ లేచింది. మూడోది వణికింది గాని లేవలేదు.

"మూడోది సాయంత్రానికి లేపుతాను బావూ" అంది అసిరమ్మ అప్ప, ఆయాసపడుతూ. "కొండమీదకి మాత్రం నన్నంపకండి."

డాక్టరు నవ్వి, తరలింపు కొట్టేసి, వచ్చే గాలిపడవకు మళ్ళీ చూస్తానని రాశారు. వెళ్ళేటప్పుడు ఆయన వెంట సలోమి సిస్టర్ రెండు చక్రాల పెట్టెలు ఎక్కించారు. వాపసు.

నమోదు 12. దక్షిణ గాలి.

మూడో గోళీ ఆ సాయంత్రం లేవలేదు. ఆ తర్వాత లేచింది. వార్డంతా చప్పట్లు కొడితే అసిరమ్మ అప్పకు సిగ్గేసి దుప్పటి కప్పుకుంది.

ఇవాళ ఇంటికి వెళ్ళిపోయింది. మేక కోసమని చెప్పింది. రేవు దాకా నేనూ వెళ్ళాను. పడవ ఎక్కే ముందు ఆగి అడిగింది.

"పాపా, మరి ఆ ఎర్రమ్మ పక్కన ఎవులుంతారు? రేపో మాపో గొట్టం తీస్తారంట కదా. ఒక్కర్తీ తింతాదా?"

నాకు ఆ ఆలోచన రాలేదు. తినే మనిషి తినాలంటే పక్కన తినేవాళ్ళు ఉండాలని మేస్త్రికి నేర్పాను. తినడం మళ్ళీ కొత్తగా మొదలుపెట్టే మనిషి సంగతి నేర్పలేదు. తేజోమూర్తిగారికి రాశాను. ఆయన వెంటనే జవాబిచ్చారు. సభ కూడా కూర్చోబోతోందట, మిగతా తెప్పల వాళ్ళను సాక్ష్యానికి పిలిచారట. "చక్రాల విషయం సభలో నేనే చెప్తాను, మీరెవరూ మొహమాటపడొద్దు" అని చివర్లో రాశారు.

నమోదు 14. ఎండ, మంచి గాలి.

ఎర్రమ్మగారికి గొట్టం తీశాం. కళ్ళు తెరిచి చూస్తోంది. కానీ ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం మెత్తగా కాచిన గంజి ముందు పెట్టాం. చూస్తూ కూర్చుంది. పైడితల్లి కర్ర పట్టుకుని నడక నేర్చుకోవడానికి బయటి వరండాలోకి పోయింది. పదకొండో మంచం ఖాళీ.

నేను బల్ల దగ్గర అంకెలు సరిచూసుకుంటున్నాను. మేస్త్రి గొంతు తగ్గించి పిలిచింది. అది గొంతు తగ్గించడం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

"నూకరత్నం గారూ. పన్నెండో మంచం పక్కన ఇప్పుడు ఎవరూ తినడం లేదు. మీరు భోజనం చేశారా?"

"చెయ్యలేదు."

"అయితే వీలుంటుందా?"

వీలు చేసుకున్నాను. క్యారియరు తీసుకుని, మిగిలిన చక్రాల పెట్టె ఒకటి లాక్కుని పన్నెండో మంచం పక్కన కూర్చున్నాను. ఇవాళ అమ్మ చింతకాయ వేసి రొయ్యలు వండింది. మూత తియ్యగానే వాసన వార్డంతా నిండింది. తెర మీద మేస్త్రి రాసుకుంటున్నది కనిపిస్తోంది. ఈసారి విశ్రాంతి అని రాయలేదు. నర్సు పని, పక్కమంచం, అని రాసింది.

నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఎర్రమ్మ నన్ను చూసింది. గిన్నె దగ్గరికి లాక్కుంది. ఒక గుక్క తాగింది. ఇంకొకటి. తర్వాత నా క్యారియరులోకి తొంగి చూసి, ఇన్నాళ్ళకు నోరు తెరిచి మాట్లాడింది.

"ఆ రొయ్యలు నీకొక్కర్తికేనేటి?"